గుండెకేమీ లేదండీ!

2023 శ్రావణమాసంలో ఓ మహిళా మండలి వాళ్లు నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. మాట్లాడాల్సిన విషయం "స్త్రీ - ఆత్మవిశ్వాసం". నవలలు రాసేవాళ్లకి ఇలాంటి పిలుపులు కొత్తేమీ కాదు. ఆకుపచ్చ గద్వాల చీర కట్టుకుని, తల్లో చెండు పెట్టుకుని, వేదిక మీద దర్జాగా కూర్చున్నాను. ప్రార్థన అయింది. దీపం వెలిగించడం అయింది. మెళ్లో దండ వేశారు. కార్యదర్శిగారు మైకు ముందు నిలబడి నా గురించి వున్నవీ లేనివీ కలిపి చెబుతున్నారు.

"ఆవిడ కథానాయికలు కొండల్ని ఢీకొనే ధీరవనితలు..." అంటోందావిడ.

సరిగ్గా అప్పుడు నా గుండె ఓసారి గతుక్కుమంది. ఆ తరవాత లేడిపిల్లలా పరుగు మొదలెట్టింది. అరచేతుల్లో చెమట. వేళ్లకి తిమ్మిరి. ఎంత గాలి పీల్చినా చాలడం లేదు. ఎదురుగా వున్న ఆడవాళ్లంతా గాజుగోడకి అవతల కూర్చున్నట్టు దూరంగా కనిపించారు. నా బుర్రలో ఒకటే ఆలోచన - నేను చచ్చిపోతున్నాను. అదీ ఇంతమంది ఎదుట. దండ కూడా సిద్ధంగా మెళ్లోనే వుంది!

"ఇంటినుంచి అర్జంటుగా ఫోనొచ్చిందండీ" అని పక్కావిడ చెవిలో ఓ అబద్ధం వేసి, ఆత్మవిశ్వాసాన్ని వేదిక మీదే వదిలేసి, వెనక మెట్లమీంచి బయటపడ్డాను.

మావారు హడావిడిగా ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఇ.సి.జి. తీశారు. ఈ లోపలే దడ తగ్గిపోయింది. ఆ కుర్ర డాక్టరు కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "గుండెకేమీ లేదండీ. గ్యాస్ అయివుంటుంది. పకోడీలు తిన్నారా?" అన్నాడు.

తినలేదు. సభ అయ్యాక పెడతారని తెలుసుగానీ, అందాకా వుంటేనా!

తొమ్మిదిరోజుల తరవాత మా అపార్ట్‌మెంటు లిఫ్టులో మళ్లీ అదే తంతు. ఆపైన చీరల కొట్లో, పక్కన చెల్లెలుండగానే. ఈసారి మావారు వూరుకోలేదు. పెద్ద డాక్టరు దగ్గర ఎకో తీయించారు, ట్రెడ్‌మిల్లు మీద పరిగెత్తించారు, థైరాయిడూ, రక్తంలో ఐరనూ అన్నీ చూపించారు. నా కన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకున్న పేషెంటు ఆ వారంలో ఇంకొకరు లేరనుకుంటాను. అన్నీ భేషుగ్గా వున్నాయి.

ఆ పెద్దాయన కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టి, "అమ్మా, మీ గుండె నా గుండెకన్నా బాగుంది. ఓసారి సైకియాట్రిస్టుకి చూపించుకోండి" అన్నారు.

జబ్బు లేదంటే మనిషి సంతోషించాలి కదా! నాకు మాత్రం కోపం వచ్చింది, ఆ వెనకే ఏడుపూ వచ్చింది. కారులో మావారితో అన్నాను - "అంటే నేను నాటకాలాడుతున్నాననేగా ఆయన ఉద్దేశం?"

"ఆయన అలా అన్లేదోయ్" అన్నారీయన.

"అనకపోతేనేం, అర్థం అదేగా!"

సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లలేదు నేను. బదులుగా తక్కిన వైద్యాలన్నీ జరిగాయి. అత్తయ్యగారు ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేశారు. ఘాటు రాకపోయేసరికి, "చూశావా, ఎంత గట్టి దిష్టో! ఆ సభలో ఎవరి కళ్లు పడ్డాయో!" అన్నారు. ఓ స్నేహితురాలు ముత్యం పెట్టుకోమంది. ఇంకో ఆవిడ కాఫీ మానమంది. (ఇందులో కొంత నిజం వుందని తరవాత తెలిసింది. రోజుకి అయిదు కాఫీలు దడకి ఆజ్యం పోస్తాయి.) పక్కింటి పిన్నిగారు మాత్రం చీర కొంగులోంచి తీసినంత ఆప్యాయంగా ఓ మాత్రల అట్ట తీసి, "నాకు నిద్రపట్టనప్పుడు వేసుకుంటానమ్మాయ్, నువ్వు సగం వేసుకో" అంది.

వేసుకున్నాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి, అద్భుతంగా పనిచేసింది. అరగంటలో ప్రపంచమంతా నాకు మేనమామ ఇల్లులా అనిపించింది. వచ్చిన చిక్కల్లా అక్కడే వుందని అప్పుడు తెలియదు.

వీటన్నిటికన్నా గట్టి మందు ఇంకోటుంది. అది ఓ ప్రశ్న. "నీకేం తక్కువే?" అని. బంగారం లాంటి మొగుడు, చదువుకుంటున్న కూతురు, సొంత ఫ్లాటు, నవలలకి పేరు. నిజమే, ఏమీ తక్కువ లేదు. ఏమీ తక్కువ లేనిదానికి ఈ దడేమిటని సిగ్గుపడ్డాను. లోటుంటే చెప్పుకోవచ్చు, లేనిదాన్ని ఏమని చెప్పుకోను?

మీకో రహస్యం చెప్పనా? నా నవలల్లో కనీసం నలుగురు కథానాయికలు కళ్లు తిరిగి పడిపోయారు. నలుగురి దగ్గరికీ నేనే డాక్టర్ని పిలిపించాను. ఆయన నాడి పట్టుకుని, "గట్టి షాక్ తగిలింది. మనసుకి కష్టం కలక్కుండా చూసుకోండి" అని, ఫీజు కూడా పుచ్చుకోకుండా వెళ్లిపోయేవాడు. నలుగురూ ఆఖరి అధ్యాయానికల్లా కోలుకుని పెళ్లిళ్లు చేసుకున్నారు. నా పెళ్లి అప్పటికి ఇరవయ్యేళ్ల కిందటే అయిపోయింది కనక నాకా దారి కూడా మూసుకుపోయింది!

నవ్వులకేం గానీ, ఆ మూడు నెలల్లో నా ప్రపంచం ఎంత చిన్నదైపోయిందో నాకే తెలియలేదు. లిఫ్టు మానేశాను. అయిదంతస్తులు ఎక్కి దిగుతూ, "వ్యాయామం" అని చెప్పేదాన్ని. బస్సు మానేశాను. సినిమాకి వెళ్తే గుమ్మం పక్క సీటే కావాలనేదాన్ని, తరవాత సినిమాలే మానేశాను. సభలకి రానని ఉత్తరాలు రాశాను. చేతిసంచీలో మంచినీళ్ల సీసా, ఆ సగం మాత్రా లేకుండా కూరగాయలకైనా వెళ్లేదాన్ని కాదు. చెల్లెలి కూతురి పెళ్లికి మోకాలి నొప్పని చెప్పి ఎగ్గొట్టాను. పెద్దక్కచెల్లెలి వరసలో నేను పీటల దగ్గర వుండాల్సినదాన్ని. ఆ రోజు ముహూర్తం వేళకి వంటింట్లో ఒక్కదాన్నీ నిలబడి, గడియారం చూసుకుంటూ వూరికే ఏడ్చాను.

సెలవులకి హాస్టల్నుంచి వచ్చిన మా అమ్మాయి ఇదంతా నాలుగు రోజులు గమనించి, ఓ పొద్దున దోసె తింటూ, తలెత్తకుండా అంది - "అమ్మా, నువ్వు అమ్మమ్మలాగా అయిపోతున్నావు."

చేతిలో అట్లకాడ అలాగే వుండిపోయింది.

మా అమ్మ గురించి మీకు చెప్పాలి. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ మా అమ్మ ఇల్లు కదిలి ఎరగదు. సినిమాకి రాదు, తిరనాళ్లకి రాదు, పెళ్లిళ్లకి రాదు. "మీ అమ్మకి ఇల్లే కైలాసం" అని వూళ్లో వాళ్లు మెచ్చుకునేవాళ్లు. అప్పుడప్పుడు గుండె పట్టుకుని వసారాలో కూలబడిపోయేది. ఆర్‌.ఎం‌.పి. వచ్చి "నరాల బలహీనత" అని తేల్చి బి-కాంప్లెక్స్ ఇంజక్షన్ పొడిచి వెళ్లేవాడు. 1991లో, నేను ఏడో తరగతిలో వుండగా వ్యాసరచనలో నాకు మొదటి బహుమతి వచ్చింది. అందరి అమ్మలూ వచ్చారు. మా అమ్మ రాలేదు. ఆ రోజు నా మనసులో ఏదో గట్టిపడింది. అమ్మతో పోట్లాడలేదు, అడగలేదు. కానీ ఆ తరవాత నేను ఏ బహుమతి తెచ్చినా ముందు నాన్నకే చూపించేదాన్ని.

మా అమ్మాయి దోసె తినేసి వెళ్లిపోయింది. నేను మావారి దగ్గరికి వెళ్లి, "ఏమండీ, ఆ సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్దాం" అన్నాను.

వెళ్లడమైతే వెళ్లాంగానీ, ఆ బోర్డు కింద నిలబడేసరికి నాకు చెమటలు పట్టాయి. హైదరాబాదులో "ఎర్రగడ్డ" అంటే ఓ పేట పేరు కాదు, ఓ తిట్టు. అక్కడ ప్రభుత్వ మానసిక చికిత్సాలయం వుండటమే దాని పాపం. అటు కోస్తాలో అయితే విశాఖపట్నం పేరు చెప్పి తిట్టుకుంటాం. ఇలాంటి మాటలు నా నవలల్లో హాస్యపాత్రల చేత నేనే అనిపించాను. ఇప్పుడు కొంగు నెత్తిమీదకి లాక్కుని, ఓ మూల కుర్చీలో ఒదిగి కూర్చున్నాను.

"మీరు... నవలలు రాస్తారు కదండీ?"

పక్క కుర్చీలో నా వయసావిడ. చామనచాయ, వెంకటగిరి నేత చీర. మొహం ఇంతయింది. "మీ సీరియలు ఒక్క వారం కూడా వదల్లేదండీ నేను!"

పారిపోవడానికి వేదిక వెనక మెట్లు కూడా లేవిక్కడ. నోటికొచ్చింది అనేశాను - "అవునండీ. ఇక్కడికి... కథ కోసం వచ్చాను. వాతావరణం చూద్దామని."

ఆవిడ తలూపింది. తరవాత మామూలుగా, కూరగాయల బేరమాడినంత మామూలుగా అంది - "నేను మాత్రం జబ్బు కోసమే వచ్చానండీ."

ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. కథానాయిక నేను కాదు, ఆవిడ.

డాక్టరమ్మ నాతో ముప్పావుగంట మాట్లాడింది. నిద్ర ఎలా వుంది, నెలసరి క్రమం తప్పుతోందా, ఎన్ని కాఫీలు, ఎవరి మాత్రలైనా వేసుకుంటున్నానా, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా, పుట్టింట్లో ఎవరికైనా ఇలా వుందా - అన్నీ అడిగింది. నలభైల్లో హార్మోన్లు ఎక్కుడూ దిగుడూ అయ్యేటప్పుడు కూడా ఇలాంటి దడలు పైకి రావచ్చుట. నేను చెప్పేదంతా విని, "దీన్ని పానిక్ డిజార్డర్ అంటాం" అంది.

చెప్పొద్దూ, నాకు భయం వేయాల్సింది పోయి, ప్రాణం లేచొచ్చింది. దానికో పేరుంది! పేరుందంటే నాకన్నా ముందు ఇంకెవరికో వచ్చిందన్నమాట.

"మనింటికి కాపలావాడున్నాడనుకోండి" అంది డాక్టరమ్మ. "దొంగ వస్తే కేకేయడం వాడి పని. మీ కాపలావాడు పిల్లి గోడ దూకినా 'దొంగ దొంగ' అని కేకేస్తున్నాడు. కేక వినగానే ఒళ్లు పరుగుకి సిద్ధమవుతుంది. అందుకే గుండె దడ, చెమట. పరిగెడితే తెలిసేది కాదు. మీరు పట్టుచీరలో కుర్చీలో కూర్చున్నారు కనక తెలిసింది. గాలి చాలదని మరీ ఎక్కువెక్కువ పీలుస్తారు. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడు తగ్గి, వేళ్లు తిమ్మిరెక్కి, తల తిరుగుతుంది. దాన్ని చూసి ఇంకా భయపడతారు. చాలామందిలో పది నిమిషాల్లో అది కొండెక్కుతుంది, ఆ తరవాత దిగక తప్పదు."

"మరి చచ్చిపోతానేమో అనిపిస్తుందే?"

"అనిపిస్తుంది. అవదు. గుండె పరీక్షలన్నీ ముందే చేయించుకున్నారు కదా, అది మంచిపనే. మొదటిసారి గుండెల్లో నొప్పో, దడో వచ్చినప్పుడు ఎవరైనా ముందు గుండెనే చూపించుకోవాలి. అన్నీ బాగున్నాయని తేలాక కూడా ఏడాదికి ఎనిమిదిసార్లు ఇ.సి.జి.లు తీయించుకుంటూ తిరగడమే జబ్బు."

రెండు వైద్యాలు రాసింది. ఒకటి మందు. అది పిన్నిగారి సగం మాత్రలా అరగంటలో పనిచేసేది కాదు. రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదట్లో కాస్త వికారం, ఒక్కోసారి దడ ఎక్కువవడం కూడా వుండొచ్చు, బెదిరి మానెయ్యొద్దంది. తగ్గాక కూడా డాక్టరు చెప్పినన్నాళ్లు వాడి, డాక్టరు చెప్పినట్టే మెల్లగా తగ్గించాలి. పిన్నిగారిచ్చిన ఆల్‌ప్రజోలామ్ సంగతి చెబితే మాత్రం ఆవిడ మొహం గంభీరమైంది. దాన్ని కొద్దిరోజులకి, డాక్టరు కళ్లెదుటే వాడాలిట. రోజూ అలవాటు చేసుకుంటే మొదటి సగం చాలక ఒకటి, ఒకటి చాలక రెండు అవుతాయి. ఠక్కున ఆపితే అసలు జబ్బుకన్నా ఎక్కువ అల్లరి చేస్తుంది. ఆ మాట పిన్నిగారికి ఎలా చెప్పాలా అని నేను రెండు వారాలు ఆలోచించాను. చివరికి మా డాక్టరమ్మ దగ్గరికే తీసుకెళ్లాను. ఆవిడది పదకొండేళ్ల అలవాటు!

రెండో వైద్యం మాట. అంటే సైకాలజిస్టు దగ్గర కూర్చుని వారం వారం నేర్చుకునే చదువు. ఈ ఇద్దరికీ తేడా నాకూ తెలిసేది కాదు, మీకోసం చెబుతున్నాను. సైకియాట్రిస్టు వైద్యం చదివిన డాక్టరు, మందు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టు మనస్తత్వ శాస్త్రం చదివి, రోగులతో శిక్షణ పొంది, రిహాబిలిటేషన్ కౌన్సిల్లో పేరు నమోదు చేయించుకున్నవారు. వాళ్లు మందు రాయరు, మాటతో వైద్యం చేస్తారు. నమోదు వుందా అని అడగడం మర్యాద తక్కువేమీ కాదు. బంగారం కొనేటప్పుడు హాల్‌మార్క్ చూడమూ?

మా సైకాలజిస్టు మా అమ్మాయికన్నా ఆరేడేళ్లు పెద్దదేమో. ఇంత పిల్ల నాకేం చెబుతుందిలే అనుకున్నాను. ఆ పిల్ల నాకో నోటుపుస్తకం ఇచ్చింది. దడ వచ్చినప్పుడల్లా అందులో రాయాలి. ఎక్కడ వచ్చింది, అప్పుడు ఏమనుకున్నాను, భయం వందకి ఎంత, చివరికి నిజంగా ఏం జరిగింది. ఈ పద్ధతికి పునాది వేసింది 1960లలో అమెరికాలో ఆరన్ బెక్ అనే డాక్టరు. మనసులో ఠపీమని వచ్చే ఆలోచనని నిజమని నమ్మేయకుండా, కోర్టులో సాక్షిని అడిగినట్టు అడగమంటారు.

రాయడం నాకు వెన్నతో పెట్టిన విద్య కదా! వారం తిరిగేసరికి పద్నాలుగు పేజీలు రాసుకెళ్లాను. "కారుమబ్బులు కమ్మిన ఆకాశంలా నా అంతరంగం..." అని మొదలు. ఆ పిల్ల ఓపిగ్గా రెండు పేజీలు చదివి, "మేడమ్, చాలా బాగుంది. కానీ ఏం జరిగిందో రెండు లైన్లలో రాయండి" అంది. పాతికేళ్లలో ఏ ఎడిటరూ నన్ను ఇంత మర్యాదగా, ఇంత పచ్చిగా కోసెయ్యలేదు.

రెండు లైన్లు రాయడం మొదలెట్టాక ఓ సంగతి బయటపడింది. "చచ్చిపోతాను" అని ముప్పైనాలుగుసార్లు రాశాను. "నిజంగా ఏం జరిగింది" అన్న చోట ముప్పైనాలుగుసార్లూ "ఏమీ జరగలేదు" అనే వుంది. నా చేతిరాతే నామీద సాక్ష్యం చెప్పింది.

తరవాత మెట్లు. భయపడే పనులన్నిటినీ చిన్నదాన్నుంచి పెద్దదాని దాకా నిచ్చెన మెట్లలా రాసుకోవాలి. ఒక్కో మెట్టే ఎక్కాలి. దడ వచ్చినా పారిపోకుండా, అది దానంతటది దిగేదాకా అక్కడే నిలబడాలి. పారిపోయిన ప్రతిసారీ కాపలావాడు "చూశారా, నేను కేకెయ్యబట్టే బతికారు" అనుకుంటాడుట. నిలబడితేనే వాడికి బుద్ధొస్తుంది. నీళ్ల సీసా, సగం మాత్ర కూడా ఇంట్లో వదిలి వెళ్లాలి. ఈ మాటకి నేను ఆ పిల్లతో దాదాపు పోట్లాడాను.

మొదటి మెట్టు లిఫ్టు, ఒక్క అంతస్తు. నాలుగో మెట్టు మెట్రో. మియాపూర్లో ఎక్కి ఒక్క స్టేషను తరవాత దిగిపోవడం. అలా రోజుకో స్టేషను పెంచుకుంటూ, ఓ గురువారం ఒంటరిగా అమీర్‌పేట దాకా బయల్దేరాను. భరత్‌నగర్ దాటింది. దడ మొదలైంది. తిమ్మిరి. దిగిపోదామని లేచి గుమ్మం దాకా వచ్చాను. పైన మైకులో తియ్యటి గొంతు చెప్పింది - తరవాతి స్టేషను ఎర్రగడ్డ!

నాకు నవ్వొచ్చింది. గుమ్మం దగ్గర కమ్మీ పట్టుకుని, గుండె దడదడలాడుతుండగానే, ఒక్కదాన్నీ నవ్వుకున్నాను. తలుపులు తెరుచుకున్నాయి. జనం దిగారు, ఎక్కారు. నేను దిగలేదు. తలుపులు మూసుకున్నాయి. అమీర్‌పేట వచ్చేసరికి వందకి ఎనభై వున్న భయం ముప్పైకి దిగింది. ఆ రోజు పుస్తకంలో నేను రాసింది సరిగ్గా రెండు లైన్లే.

అంతా సాఫీగా జరిగిందని చెప్పను. మూడో వారంలో మందు మానేస్తానని గొడవచేశాను. సంక్రాంతికి నాలుగు రోజులు మళ్లీ వెనకటిలా అయింది. ఇప్పటికీ ఏడాదికి ఒకటి రెండుసార్లు కాపలావాడు కేకేస్తాడు. "సరేలేవోయ్, పిల్లే" అనగలుగుతున్నాను, అంతే తేడా. కిందటేడు ఆ మహిళా మండలి వాళ్లు మళ్లీ పిలిస్తే, ఆ ఆకుపచ్చ గద్వాల చీరే కట్టుకుని వెళ్లాను. పకోడీలు కూడా తిని వచ్చాను.

ఆ వెంకటగిరి చీరావిడ మళ్లీ కనిపించింది, నాలుగో నెలలో అనుకుంటాను. నేనే వెళ్లి పక్కన కూర్చున్నాను. "ఆ రోజు మీకు అబద్ధం చెప్పానండీ. నేనూ జబ్బు కోసమే వచ్చాను" అన్నాను. ఆవిడ నావైపు చూసి, "తెలుసండీ. కథ కోసం వచ్చినవాళ్లు కొంగు నెత్తిమీద వేసుకోరు" అంది!

ఇదంతా చుట్టాలకి చెప్పకుండా మీకెందుకు చెబుతున్నానంటే, మనలో చాలామంది ఈ గాజుగోడ వెనక ఒంటరిగా కూర్చుని వున్నారు. బెంగుళూరు నిమ్హాన్స్ వాళ్లు 2015-16లో చేసిన జాతీయ సర్వేలో పెద్దవాళ్లలో నూటికి 10.6 మందికి ఏదో ఒక మానసిక రుగ్మత వుందని తేలింది. ఆందోళన జబ్బులైతే మగవాళ్లకన్నా మనకే దాదాపు రెట్టింపు. వైద్యానికి డబ్బు లేదంటారా, ప్రభుత్వాస్పత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. ఎవరైనా చూస్తారని భయమా, 2022 అక్టోబరు 10న మొదలైన టెలి-మానస్ అనే ఉచిత ఫోన్ సేవ వుంది. నంబరు 14416. రాత్రీ పగలూ, తెలుగులోనే మాట్లాడొచ్చు. 2017లో వచ్చి 2018 మే నుంచి అమలవుతున్న మానసిక ఆరోగ్య చట్టం, ఒంటి జబ్బులకి వర్తించే షరతుల మీదే మనసు జబ్బులకీ బీమా ఇవ్వాలంటోంది. అంటే చట్టానికి కూడా తెలిసింది, ఇది నాటకం కాదని.

ఇక అమ్మ సంగతి.

"నరాల బలహీనత" అనే మాట ఎక్కడిదా అని వెతికాను. 1869లో జార్జ్ బియర్డ్ అనే అమెరికా డాక్టరు ప్రచారంలోకి తెచ్చిన జబ్బు పేరుకి అది తెలుగు నీడట. 1895లో ఫ్రాయిడ్ దాన్లోంచి ఆందోళన జబ్బుని విడదీశాడు. 1980లో అమెరికా సైకియాట్రీ వాళ్ల పట్టికలో పానిక్ డిజార్డర్ విడిగా చేరింది. అంటే మా అమ్మ వసారాలో కూలబడే నాటికి దానికి పేరు పెట్టేసి ఏళ్లయింది. ఆ పేరు మా వూరు చేరలేదు. పాత పేరూ, బి-కాంప్లెక్స్ ఇంజక్షనూ మాత్రమే చేరాయి.

ఈ వేసవిలో వూరెళ్లాను. అమ్మ వసారాలో కూర్చుని గోరుచిక్కుడుకాయలు తుంచుతోంది. పక్కన కూర్చుని నేనూ తుంచుతూ అంతా చెప్పాను. సభ, లిఫ్టు, డాక్టరమ్మ, మెట్రో. అమ్మ ఏమీ అనలేదు. నేను చెప్పడం అయిపోయాక చాలాసేపటికి అడిగింది.

"దానికి పేరుందటే?"

"వుందమ్మా."

"నాకొక్కదానికే అనుకున్నానే. ఎవరికన్నా చెబితే పిచ్చంటారని మీ నాన్నక్కూడా చెప్పలేదు." కాయలు తుంచుతూనే వుంది. "నీకు బహుమతొచ్చిన రోజున మీ బడిదాకా వచ్చానే. గేటుదాకా. లోపలికెళ్లి అంతమందిలో పడిపోతే నీకు నామర్దా అవుతుందని, చింతచెట్టు కిందే నిలబడి, నీ పేరు మైకులో పిలిచేదాకా వుండి, వచ్చేశాను."

ముప్పైనాలుగేళ్లు ఆ మాట అమ్మ గుండెలో వుంది. ముప్పైనాలుగేళ్లు ఆ కోపం నా గుండెలో వుంది. ఇద్దరి గుండెలకీ ఏమీ లేదని ఏ ఇ.సి.జి. అయినా చెప్పేది.

"మందుంది, రా అమ్మా, నాతో హైదరాబాదు" అన్నాను.

"ఈ వయసులోనా?" అంది. రాత్రి పడుకోబోయే ముందు మళ్లీ తనే అంది - "నువ్వు పక్కనే కూర్చుంటావుగా?"

పొద్దున్నే ప్రయాణానికి చీర తీద్దామని అమ్మ ట్రంకుపెట్టె తెరిచాను. ఆమె వెళ్లని పెళ్లిళ్లన్నిటిలోంచీ పెట్టిపంపిన పట్టుచీరలు దొంతరగా వున్నాయి. ఒక్కటీ విప్పలేదు. పైది తీసి విప్పబోతే మడతల దగ్గర గీతలు గీతలుగా చిరిగిపోయింది. రెండోదీ అంతే. అమ్మ మంచమ్మీంచి చూస్తోంది.

"పోనీలే, వాటిని అక్కడ పెట్టెయ్" అంది. "ఆ దండెం మీద నేతచీర వుంది చూడు, అదియ్యి. కారులో నాకు కిటికీ పక్కనే కావాలి, ముందే చెబుతున్నా."